ఎవరికి తెలియని చరిత్ర? – తెలుగులో వచ్చిన కొన్ని సంకలనాల మీద

'మరుగున పడ్డ చరిత్ర', 'వెలుగు చూడని చరిత్ర', 'తెలియని చరిత్ర' అనే మాటలు గత నలభై ఏండ్లలో తెలుగులో బాగా వాడుకలోకి వచ్చినయి. ఒక అంశాన్ని పట్టుకుని, దాని చుట్టూ కవితలో, కథలో, జ్ఞాపకాలో, ఇంటర్వ్యూలో పోగుచేసి పుస్తకంగా వేస్తే ఆ పుస్తకం వెనక అట్ట మీద ఈ మాటల్లో ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. నాకు ఈ మాటల మీద ఒక అనుమానం. తెలియనిది ఎవరికి? వెట్టి చేసిన ముసలమ్మకు వెట్టి సంగతి తెలియకపోవడమేంది? ఆమెకు తెలుసు, ఆమె బిడ్డకు తెలుసు, ఆమె చేత వెట్టి చేయించుకున్న దొరకు ఇంకా బాగా తెలుసు. తెలియనిది బడికి, అచ్చుయంత్రానికి, పాఠ్యపుస్తకం రాసే కమిటీకి. వాడకు తెలిసిన సంగతిని ఊరికి తెలియజెప్పడాన్ని 'చరిత్రను కనుగొనడం' అంటున్నాం. కొలంబస్ అమెరికాను కనుగొన్నట్టే ఇదీను.

అట్లాగని సంకలనాలను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. హాస్టల్లో ఉన్నన్ని రోజులూ మా బతుకులకు దగ్గరి పుస్తకం ఏదైనా చేతికి వచ్చిందంటే అది ఇట్లాంటి సంకలనమే. ఒక్కొక్క రచయిత పుస్తకం వేసుకునే స్తోమత లేని కులాలకు నలుగురు కలిసి వేసుకునే పుస్తకమే మొదటి పుస్తకం అవుతుంది. అందుకే వాటిని మెచ్చుకుని వదిలిపెట్టకుండా గట్టిగా చదవాలంటున్నా. ఎవరు పోగుచేశారు, ఎవరు చెప్పారు, చెప్పినవాళ్ళ మాట ఏ భాషలో అచ్చయింది, ముందుమాట ఎవరిది, అట్ట మీద ఎవరి పేరు ఉంది – ఇవి సాహిత్య విమర్శకు పనికిరాని చిల్లర ప్రశ్నలని కొందరు అనుకోవచ్చు. నా మటుకు విమర్శ ఇక్కడే మొదలవుతుంది.

కాస్త వెనక్కి పోదాం. అంశం ప్రకారం పుస్తకాలు వేసే పద్ధతి తెలుగులో దళితులతోనో స్త్రీవాదులతోనో మొదలు కాలేదు. 1901లో భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వేసింది. బడి మొఖం చూడని ఆడమనిషి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుని, దేశ చరిత్రలో పేరున్న స్త్రీల జీవితాలు ఏరి కూర్చింది. ఆ కాలానికి అది చిన్న పని కాదు. అయినా పేరు చూడండి. 'అబల', 'సచ్చరిత్ర' – ఈ రెండు మాటలే జల్లెడ. నాట్లేసే, మోట తోలే, పెంట మోసే ఆడమనిషిని ఏ కాలంలోనూ ఎవరూ అబల అనలేదు. ఆమె నడవడికి 'సత్' అనే ముద్ర వేసేవాళ్ళూ లేరు. ఆ జల్లెడలో ఆమె నిలిచే అవకాశమే లేదు. దీనికి అచ్చమాంబను తప్పుపట్టి లాభం లేదు. పేరు పెట్టినప్పుడే లోపలికి రాగలిగేవాళ్ళు ఎవరో తేలిపోతుందని చెప్పడానికే ఈ ముచ్చట.

1906లో ఆ తమ్ముడే మరికొందరితో కలిసి హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి పెట్టాడు. తరవాత అది మద్రాసుకు పోయింది. చరిత్ర, సైన్సు, జీవితచరిత్రలు వరుసగా వేసిన గ్రంథమాల అది. 1907లో వచ్చిన మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితం. 1910లో చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం వచ్చింది. లింకన్ అంటే నీగ్రో బానిసల విముక్తి. సముద్రాల అవతలి బానిసత్వం మీద పుస్తకంతో మొదలైన మాల, మునగాల పరగణాలో గడపగడపకూ ఉన్న వెట్టి మీద పుస్తకం వెయ్యలేదు. లక్ష్మణరావు ఆ మునగాల సంస్థానానికే దివాను.

ఇక్కడ కాలం చేసిన ఒక చిత్రం ఉంది. అదే 1906లో అదే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్ మిత్ర మండలి మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన ఇంకా 'వర్మ' కాలేదు, ఆ బిరుదు 1913లో వచ్చింది. మాదరి భాగయ్యగా పుట్టి, మన పూర్వీకులు ఈ నేలకు రేడులని గురువు చెప్పిన మాటతో భాగ్యరెడ్డి అయినవాడు. పేరు మార్చుకోవడమే ఒక చరిత్ర రచన. మండలి పని మాల, మాదిగ వాడల్లో హరికథలు, ఉపన్యాసాలు. అంటే ఒకే ఊళ్ళో, ఒకే ఏడు, రెండు 'మండళ్ళు'. ఒకటి అచ్చులో, ఒకటి నోట్లో. మొదటిదాని గురించి తెలుగు సాహిత్య చరిత్రలన్నీ పేజీలకు పేజీలు రాసినయి. రెండోదాన్ని 'సంఘసంస్కరణ' అనే అరలో పడేసి చేతులు దులుపుకున్నారు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి అధ్యక్షతన 'పంచమ' అనే పేరు కాదని 'ఆది ఆంధ్ర' అన్నారు. ఎవరు ముందున్నారు, ఎవరు తరవాత వచ్చారు అనే వరసనే తిరగేసిన పేరు అది. చరిత్ర గ్రంథం అచ్చువెయ్యలేని వాళ్ళు రెండు మాటల్లో చరిత్ర చెప్పారు.

ఆ ఉద్యమంలో పనిచేసిన పి.ఆర్. వెంకటస్వామి ఆ కథంతా ఇంగ్లీషులో 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' పేరుతో 1955లో రెండు సంపుటాలుగా రాశాడు. హైదరాబాద్ రాష్ట్రంలో దళిత ఉద్యమం మీద లోపలి మనిషి రాసిన పుస్తకం అది. సంఘాల గొడవలు, నాయకుల మధ్య పొరపొచ్చాలు, ఎవరు ఎవరితో ఎందుకు విడిపోయారు అన్నీ ఉంటాయి. అది మళ్ళీ అచ్చయి అందుబాటులోకి వచ్చింది 2020లో. మధ్యలో అరవై అయిదేండ్లు. ఈ అరవై అయిదేండ్లలో తెలంగాణ మీద ఎన్ని పుస్తకాలు రాలేదు!

ఇక మన కాలపు సంకలనాల దగ్గరికి వద్దాం. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది. తెలంగాణ రైతాంగ పోరాటంలో స్త్రీలు చెప్పిన కథలు. 1989లో ఇంగ్లీషులోనూ వచ్చింది. ఆ పుస్తకం చేసిన మేలు ముందు ఒప్పుకోవాలి. అంతకుముందు పోరాట చరిత్రలు పార్టీ నాయకులు రాసినవి. వాటిలో దళాల కదలికలు, తీర్మానాలు, అమరుల జాబితాలు. ఈ పుస్తకంలో మొదటిసారి అడవిలో కాన్పు, వదిలేసుకున్న పిల్లలు, పోరాటం విరమించాక ఎటు పోవాలో తెలియక నిలబడ్డ ఆడవాళ్ళు కనబడ్డారు. చెప్పిన మాటను చెప్పిన యాసలో ఉంచారు. 'చరిత్ర అంటే కాగితం' అనే మూఢనమ్మకాన్ని తెలుగులో గట్టిగా దెబ్బతీసిన పుస్తకాల్లో ఇదొకటి.

అయితే పేరులో 'మన' అనే మాట రెండుసార్లు వస్తుంది. ఆ 'మన' ఎవరు? వినేవాళ్ళూ చెప్పేవాళ్ళూ కలిసి ఒక 'మన' అయినట్టు ఆ పేరు చెబుతుంది. కానీ నగరంలో చదువుకుని టేపు రికార్డరు పట్టుకుపోయినవాళ్ళకూ, పాలకుర్తిలో గుడిసె ముందు కూర్చుని మాట్లాడిన చాకలి ఐలమ్మకూ ఒకటే 'మన' సరిపోతుందా? ఐలమ్మ సంగతి తీసుకోండి. కౌలుకు తీసుకున్న భూమి పంటను విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి మనుషులు ఎత్తుకుపోబోతే సంఘం అండతో నిలబెట్టుకున్న మనిషి. పుస్తకంలో ఆమె మాట నిండా కులం ఉంది. ఆమె పేరు ముందున్నది ఇంటిపేరు కాదు, కులం పేరు. దొరల ఇంటి బట్టలు ఉతికే కులం మనిషి భూమి దున్నడమే దొరకు మింగుడు పడని సంగతి. అంటే కొట్లాట మొదలైంది ఒక కులం తన పని గీత దాటడంతో. మాటలో ఇంత కులం ఉన్నా ప్రశ్నలో కులం తక్కువ. పుస్తకం తేల్చుకోదలచిన ప్రశ్న వేరు: స్త్రీలకూ పార్టీకీ మధ్య ఏం జరిగింది? అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న వెలుగులో దళాల్లో చేరిన పెద్దింటి ఆడపిల్ల విడిచివచ్చిన ఇల్లూ, ఐలమ్మకు ఉన్నదంతా అయిన ఇల్లూ ఒకటే 'ఇల్లు' అయిపోయినయి.

ఇది కారంచేడు తరవాతి ఏడు అచ్చయిన పుస్తకమని గుర్తుపెట్టుకోవాలి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. పోగుచేసే పని అంతకు చాలా ముందే మొదలై ఉంటుంది కాబట్టి 'కారంచేడు ప్రభావం ఇందులో ఏది' అని అడగడం మొండివాదన. అయితే ఆ పుస్తకాన్ని ఇవాళ చదివేటప్పుడు కారంచేడును మరిచి చదవలేం. మా అమ్మకు చదువు రాదు. ఆ పుస్తకంలో ఒకటి రెండు కథలు నేను చదివి వినిపించాను. ఆమె అడిగింది ఒకటే: "మరి వాళ్ళ ఇండ్లల్ల పెండ ఎవలు తీసిన్రు?" పోరాటంలోకి పోయిన అమ్మల ఇంట్లో పని ఎవరు చేశారని. ఈ ప్రశ్న ఏ ముందుమాటలోనూ నేను చూడలేదు.

ఐలమ్మ 1985లోనే చనిపోయింది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషమే. ఆ పేరుతో పాటు ఆమె కులవృత్తి మాట కూడా సర్టిఫికెట్ల మీదికి ఎక్కింది. ఆ మాటను తిట్టుగా విన్న పిల్లలకు అది విశ్వవిద్యాలయం పేరులో కనబడడం ఎట్లా ఉంటుందో ఎవరైనా అడిగి రాస్తే బాగుండు.

చుండూరు తరవాత లెక్క మారింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది మాలలను చంపి మురుగుకాలవలో పడేశాక తెలుగు కవిత్వం గొంతు వేరైంది. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' వచ్చినయి. ఇక్కడ పోగుచేయడానికి ఊళ్ళకు పోవాల్సిన పని లేదు. కవులే అక్కడ ఉన్నారు. సంపాదకులు చేసింది ఒక పేరు కింద నిలబెట్టడం. 'దళిత' అనే మాటను సాహిత్య విభాగంగా, ధిక్కారంగా, ఒక కాపీనంగా ప్రకటించడం. ఆ పుస్తకాలు రాకపోతే ఇవాళ విశ్వవిద్యాలయాల్లో 'దళిత సాహిత్యం' అనే పేపరు ఉండేది కాదని నేను నమ్ముతాను. ఒక్కో కవిత విడిగా పత్రికలో వచ్చినప్పుడు దాన్ని 'ఆవేశం' అని పక్కన పెట్టొచ్చు. అన్నీ ఒక్కచోట కూర్చున్నప్పుడు పక్కన పెట్టడం కష్టం. సంకలనం బలం అదే.

బలహీనతా అదే. అప్పట్లో 'దళిత' అన్న మాట కింద ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలందరినీ కలిపి చూసే వాదం గట్టిగా ఉండేది. పెద్ద గొడుగు. కానీ 1994లోనే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలై, 'దళిత' అనే ఒక్క మాట కింద ఎవరి వాటా ఎవరు తింటున్నారు అని అడిగేసింది. రెండేండ్లూ మూడేండ్లూ తిరగకముందే ఆ గొడుగు కిందినుంచి ఒక్కొక్కరు బయటికి వచ్చి తమ పుస్తకం తాము వేసుకోవడం మొదలైంది. 1998లో ముస్లింవాద కవిత్వం 'జల్‌జలా', 2004లో ముస్లిం కథలు 'వతన్' స్కైబాబా సంపాదకత్వంలో వచ్చినయి. దీన్ని చూసి 'చీలికలు', 'ఐక్యతకు దెబ్బ' అని బాధపడినవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఎక్కువమంది ఆ ఐక్యతలో ముందుమాటలు రాసుకునే చోట ఉన్నవాళ్ళే. మొదటి పెద్ద సంకలనాల్లో ఆడవాళ్ళు ఎందరు అని లెక్కపెట్టుకుంటే చాలు, తరవాతి పుస్తకాలు ఎందుకు అవసరమయ్యాయో తెలుస్తుంది.

అట్లా అవసరమై వచ్చిన పుస్తకాల్లో నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'నల్లపొద్దు'. దాని ఉపశీర్షికలోనే ఒక వాదం ఉంది: దళిత స్త్రీల సాహిత్యం, 1921–2002. అప్పటిదాకా దళిత స్త్రీల రచన అంటే 1990లలో స్త్రీవాదం, దళితవాదం రెండూ వచ్చాక, రెండిట్లోనూ చోటు దొరకక మొదలైందని అందరూ అనుకునేవాళ్ళు. నేను కూడా అట్లాగే విన్నాను, క్లాసులో అట్లాగే చెప్పారు. 1921 అనే అంకె ఆ లెక్కనంతా తిరగేసింది. 1921 అంటే కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాసిన ఏడు. తెల్లదొరతనం వద్దన్న గరిమెళ్ళ పాట ఊరంతా తెలిసినప్పుడు, నల్లదొరల మాటేంటని అడిగిన ఏడు. అక్కడినుంచే దళిత స్త్రీల రచననూ మొదలుపెడితే, అది ఎవరి వెనకో వచ్చిన 'తోక వాదం' కాకుండా పోతుంది. తాడి నాగమ్మ లాంటి పేరు – 1908లో పుట్టి 1990 దాకా బతికిన రచయిత్రి – తెలుగు కథ చరిత్రలు చదివినవాళ్ళలో ఎంతమందికి తెలుసు? కథ పుట్టి ఎన్నేండ్లయిందో లెక్కగట్టి శతజయంతులు చేసుకున్నవాళ్ళు ఆ పేరు తలవలేదు.

ఇట్లాంటి పుస్తకం కూర్చడం అంటే ఉన్నవాటిలోంచి మంచివి ఏరడం అనుకుంటే పొరపాటు. బాగా అచ్చయిన సాహిత్యం నుంచి సంకలనం వేసేవాళ్ళకు ఎంపిక కష్టం, వెతుకులాట సులువు. ఇక్కడ తలకిందులు. పత్రిక దొరకాలి, దొరికితే అందులో రాసినామె ఎవరో తెలియాలి, ఆమె కులం తెలియాలి – మన దేశంలో పేరునుంచి కులం తీసేసుకుని బతికినవాళ్ళే ఎక్కువమంది కాబట్టి. అప్పుడు ఆ ఇంటివాళ్ళు 'మా అమ్మను ఈ పేరు కింద వెయ్యండి' అని ఒప్పుకోవాలి. ఈ చివరిది చిన్న సంగతి కాదు. దళిత స్త్రీ అనే పేరు కింద కూర్చోవడానికి ఇష్టపడని దళిత స్త్రీలు ఉంటారు, వాళ్ళ కారణాలు వాళ్ళకు ఉంటాయి.

'నల్లపొద్దు' మీద నాకున్న పేచీ ఒకటే. అది తన కొలతగా 'సాహిత్యం' అనే మాటను తీసుకుంది. సాహిత్యం అనగానే అచ్చు, అచ్చు అనగానే చదువు. 1921 నుంచి లెక్క తీస్తే చదువు ఎవరికి ముందు అందింది? మిషన్ బడులు ఎక్కడ ఉన్నాయి, ఏ జిల్లాల్లో ఉన్నాయి, ఏ కులానికి ముందు దగ్గరయ్యాయి – ఈ తేడాలన్నీ సంపాదకురాలు కోరకపోయినా పుస్తకంలోకి వచ్చి కూర్చుంటాయి. కోస్తా, తెలంగాణ తేడా, మాల మాదిగ తేడా. ఇది శ్యామలకు తెలియదని నేను అనుకోను. ఎందుకంటే మూడేండ్లకే, 2006లో, ఆమే జూపాక సుభద్రతో కలిసి 'నల్లరేగటి సాల్లు' తెచ్చింది.

రెండు పుస్తకాల ఉపశీర్షికలు పక్కపక్కన పెట్టి చూడండి. 2003లో 'దళిత స్త్రీల సాహిత్యం'. 2006లో 'మాదిగ, మాదిగ ఉపకులాల ఆడోల్ల కతలు'. మూడేండ్లలో ఎంత దూరం! 'దళిత' పోయి 'మాదిగ, మాదిగ ఉపకులాలు' వచ్చింది. 'స్త్రీలు' పోయి 'ఆడోల్లు' వచ్చిన్రు. 'సాహిత్యం' పోయి 'కతలు' వచ్చినయి. మాట మారితే మనుషులు మారిన్రు. 'కత' అంటే రాసిందే కానక్కర్లేదు, చెప్పింది కూడా. వత్తులూ మహాప్రాణాలూ పలకని నోళ్ళు ఎట్లా పలుకుతాయో అట్లా అచ్చు వెయ్యడాన్ని చూసి ముక్కు విరిచిన పండితులు ఉన్నారు. తెలుగు లిపిలో తప్పొప్పుల గీత ఎవరు గీసారో వాళ్ళు చెప్పరు. నా ఉద్దేశంలో తెలుగు సంకలనాల చరిత్రలో అట్ట మీది అక్షరమే విమర్శ అయిన సందర్భాల్లో ఇదొకటి. 1901లో 'అబలా సచ్చరిత్ర' దగ్గర మొదలైన దారి 'ఆడోల్ల కతలు' దాకా రావడానికి నూటఅయిదేండ్లు పట్టింది.

ఈ పుస్తకాలు ఇంగ్లీషులోకి పోయినప్పుడు ఏమవుతుందో కూడా చూడాలి. 2013లో కన్నడ, తెలుగు దళిత రచనలతో 'స్టీల్ నిబ్స్ ఆర్ స్ప్రౌటింగ్', 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ తెలుగు దళిత రచనల సంకలనం వచ్చినయి. వాటివల్ల మన రచయితలు ఢిల్లీలో, అమెరికాలో పాఠాలయ్యారు. కాదనను. కానీ 'ఆడోల్లు' అన్నా 'స్త్రీలు' అన్నా ఇంగ్లీషులో ఒకటే మాట. 2003కీ 2006కీ మధ్య జరిగిన కొట్లాట అంతా ఆ ఒక్క మాటలో చప్పుడు లేకుండా ఆగిపోతుంది. ఇంగ్లీషు సంకలనాన్నే చదివి తెలుగు దళిత ఉద్యమం మీద థీసిస్ రాసేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్ళకు ఆ కొట్లాట వినబడదు.

వినబడకపోవడానికి ఇంకో కారణం అల్మారా. డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827, భారతదేశ చరిత్రకు 954. 'నల్లపొద్దు' లాంటి పుస్తకం మొదటి అంకె కింద పోయి సాహిత్యం అల్మారాలో కూర్చుంటుంది. చరిత్ర విద్యార్థి ఆ అల్మారా దగ్గరికి పోడు. ఒక రాజు దానశాసనం చరిత్రకు ఆధారం, ఆ దానంలో భూమితో పాటు ఇచ్చిన మనుషుల మనవరాలు చెప్పిన కత మాత్రం సాహిత్యం. ఒక సెమినారులో నేను 'నల్లరేగటి సాల్లు' నుంచి ఒక కతను ఆధారంగా చూపిస్తే, ఒక ప్రొఫెసర్‌గారు "ఇది సోర్స్ ఎట్లా అవుతుందమ్మా, ఫిక్షన్ కదా" అన్నారు. అదే సెషన్‌లో ఇంకొకరు కావ్యం నుంచి పద్యాలు చూపించి రెడ్డిరాజుల కాలపు సాంఘిక జీవితం వివరిస్తే ఎవరూ అడ్డం చెప్పలేదు.

ఇవాళ ఈ చర్చకు ఒక తొందర వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. 2004 నాటి చిన్నయ్య కేసు తీర్పు పక్కకు పోయింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో 59 కులాలను మూడు గ్రూపులుగా చేసి 1, 9, 5 శాతాలుగా పంచే చట్టం అమల్లోకి వచ్చింది. శాతాల మీద వాదనలు ఉన్నాయి, ఉంటాయి. నా ప్రశ్న ఆ 59 అనే జాబితా మీద. ఆ జాబితా కూడా ఒక సంకలనమే. మొదటి గ్రూపులో 15 కులాలు. వాటిలో చాలా కులాల గురించి మనకు దొరికేది ఏందంటే బ్రిటిష్ కాలపు అధికారులు రాసిన కులాల పట్టికల్లో ఒక పేరా, జనాభా లెక్కలో ఒక అంకె. ఆ కులంలో పుట్టిన పిల్ల ఎం.ఏ. చేరి 'మా వాళ్ళ గురించి పుస్తకం కావాలి' అంటే ఆమె చేతిలో పెట్టడానికి ఒక పేరా ఉంటుంది. అది రాసినవాడు వాళ్ళను దొంగల జాతా, అడుక్కునే జాతా అని తేల్చుకోవడానికి రాసినవాడు. మాల మాదిగలం మా పుస్తకాలు మేం వేసుకున్నాం. వాళ్ళ సంకలనం ఎవరు వెయ్యాలి? 'మేం వేస్తాం, మీరు చెప్పండి' అని మేం టేపు పట్టుకుని పోతే, 1986లో 'మన' దగ్గర నేను పెట్టిన పేచీనే వాళ్ళు మాతో పెట్టుకోవాల్సి వస్తుంది.

నేను బాగా ఆలోచనలో పడ్డది డక్కలి వాళ్ళ విషయంలో. డక్కలి వాళ్ళు మాదిగలను మాత్రమే అడిగే ఆశ్రిత కులం. కిన్నెర వాయిస్తూ, పటం విప్పి జాంబపురాణం చెబుతారు. సృష్టికి ముందే జాంబవుడు పుట్టాడని, ఆయన సంతతి ఎట్లా విస్తరించిందో, ఏ వంశం ఏ ఊళ్ళో ఉందో చెప్పుకుంటూ పోతారు. వినే మాదిగ ఇల్లు వాళ్ళకు ఇచ్చేది ఇస్తుంది. అది వాళ్ళ హక్కు, త్యాగం అనే పేరుతో. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక పట్నంలో చాలామందికి కిన్నెర అనే వాయిద్యం ఉందని తెలిసింది. పాట రేడియోలో, సినిమాలో వినబడింది. పటం సంగతి మాత్రం తక్కువమందికే తెలుసు. ఒక అంశం పట్టుకుని మానవ చరిత్రను బొమ్మలుగా కూర్చి, ఇంటింటికీ మోసుకుపోయి చెప్పిన పుస్తకం అది. గ్రంథమాల అనే మాట పుట్టకముందే ఉంది.

'ఏడు తరాలు' చదివినవాళ్ళకు ఇది ఎక్కడో విన్నట్టు ఉంటుంది. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి సంక్షిప్తంగా తెలుగు చేస్తే, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మొదటి రోజుల్లోనే వేసింది. హాస్టళ్ళలో అది చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేది. కుంటా కింటే మా వాడకట్టు మనిషే అనిపించేవాడు. ఆ పుస్తకంలో హేలీ గాంబియాలోని జుఫురే ఊరికి పోయి, వంశావళి చెప్పే గ్రియో నోట తన మూలపురుషుడి పేరు విన్నానంటాడు. తరవాత చరిత్రకారులు పోయి విచారిస్తే ఆ చెప్పిన మనిషి నిజంగా గ్రియోనేనా, హేలీ వినాలనుకున్నదే చెప్పాడా అనే అనుమానాలు బయటపడినయి. వేరే నవలనుంచి భాగాలు తీసుకున్నాడన్న కేసు 1978లో డబ్బు కట్టి రాజీ చేసుకున్నాడు. మన దగ్గర ఆ పుస్తకాన్ని ప్రేమించినవాళ్ళు ఈ సంగతులు చెప్పుకోరు. చెప్పుకుంటే పుస్తకం బలం తగ్గుతుందని భయం కావొచ్చు. నాకైతే అందులో ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. పుస్తకం కోట్ల మంది చదివారు, టీవీలో చూశారు. కత చెప్పిన ఊరికి, ఆ చెప్పే వృత్తికి ఏం మిగిలింది?

జాంబపురాణాన్ని రికార్డు చేసి, పటాన్ని రంగుల్లో ఫొటోలు తీసి మంచి కాగితం మీద పుస్తకం వేస్తే మాకు గర్వంగా ఉంటుంది. మాదిగ విద్యార్థులు కొనుక్కుంటారు, విశ్వవిద్యాలయం కొంటుంది, బహుశా 954 అల్మారాలోనే పెట్టించొచ్చు. కానీ పురాణం ప్రతి ఇంట్లో పుస్తకంగా ఉన్ననాడు పటం చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చిన డక్కలి మనిషిని ఎవరు కూర్చోబెట్టి వింటారు? వినకపోతే త్యాగం ఎవరిస్తారు? పరిశోధన పేరుతో పోయిన ఒక మిత్రుడితో ఒక డక్కలి పెద్దమనిషి పటం విప్పనని చెప్పాడట. "మా కడుపుకు నువ్వెంత రాస్తవో ముందు చెప్పు" అన్నాడట. ఆ మిత్రుడు ఇంకా జవాబు తేల్చుకోలేదు. సంపాదకత్వం వహించే మన సంఘాలన్నీ కలిసి – చెప్పినవాళ్ళ పేరు అట్ట మీద వెయ్యడం, అమ్మకంలో వాటా, మళ్ళీ అచ్చు వేసేటప్పుడు వాళ్ళ ఒప్పుకోలు, టేపు కాపీ వాళ్ళ దగ్గరే ఉండడం – ఈ నాలుగింటి మీద ఒక కాగితం రాసుకుని పోతే తప్ప ఆ వాకిట్లోకి అడుగుపెట్టడానికి మనకు మొహం చెల్లదు.